ఐదు కిలోల సత్యం

కరుణను విమానంలోంచి దించేసినారంట అని ఊరంతా చెప్పుకుంటున్నారు కదా. నిజమే. దించేసినారు. టికెట్ లేకుండా ఎక్కినానని ఒకరు, విమానం నడిపే ఆమెతో జగడం పెట్టుకున్నానని ఇంకొకరు. కథ టీ కొట్టు దగ్గరికి చేరేసరికి అందులో పోలీసులు కూడా వచ్చేసినారు! ఇంతమంది ఇన్ని రకాలుగా కష్టపడే బదులు నేనే చెప్పేస్తే పోతుంది. అసలు జరిగింది వాళ్ళు అల్లిన దానికంటే సిగ్గుచేటుగా ఉంటుంది, కాబట్టి ఎవరూ నష్టపోరు.

తోటపల్లి గూడూరులో నాది టైలరింగ్ షాపు. పదో తరగతితో బడి మానేసినాను గానీ చదువు మానలేదు. బ్లౌజు ప్యాట్రన్లు కత్తిరించడానికి పాత పేపర్లు కట్టలు కట్టలు తెప్పిస్తాను కదా, కత్తెర పెట్టేముందు ప్రతి కాగితమూ చదువుతాను. అందుకే నాకు తెలియని సంగతి లేదు, నేను టైముకి ఇచ్చిన బ్లౌజూ లేదు. ఒకసారి ఆ కట్టల మధ్యలో ఇటుకంత ఇంగ్లీషు పుస్తకం దొరికింది. విమానం నడపడం నేర్చుకునేవాళ్ళ పుస్తకం. దాన్ని కత్తిరించడానికి చెయ్యి రాలేదు. డిక్షనరీ పక్కన పెట్టుకుని, హెమ్మింగ్ చేస్తూ చేస్తూ, ఏడాది పొడుగునా చదివినాను.

అందులో నన్ను పట్టుకున్న పాఠం బరువు గురించి. విమానం బరువు ఎంత అన్నది ఒక లెక్క. ఆ బరువు ఎక్కడ కూర్చుంది అన్నది ఇంకో లెక్క. బరువు ఎక్కువైతే లేవడానికి ఎక్కువ దూరం పరుగెత్తాలి, ఎక్కువ వేగం కావాలి, లేచినా ఈడ్చుకుంటూ ఎక్కుతుంది. సరే, బరువు మొత్తం సరిపోయిందనుకోండి. అదంతా ముక్కు వైపు చేరితే ముక్కు లేవనంటుంది. తోక వైపు చేరితే ముక్కు వద్దన్నా లేస్తుంది, వేగం పడిపోతుంది, రెక్కలు గాలిమీద పట్టు వదిలేస్తాయి. ఆ తర్వాత ఏమవుతుందో పుస్తకంలో ఒక్క వాక్యంలో రాసినారు. దాన్ని నేను రెండోసారి చదవలేదు. మొత్తం బరువంతా ఒకచోట నిలబడినట్టు లెక్కగట్టే ఆ చోటుని గరిమనాభి అంటారు. ఇదేం బ్రహ్మవిద్య కాదు. మేత బస్తాలన్నీ వెనక్కి వేస్తే ట్రాలీ ఆటో ముందు చక్రం గాల్లోకి లేస్తుంది చూడండి, అదే. ఆటో అయితే ఇద్దరు వచ్చి ముందు కూర్చుంటే దిగుతుంది. గాల్లో ఎవరొచ్చి కూర్చుంటారు?

ఈ పాఠాన్ని నేను షాపుకొచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పినాను. కొలతలు ఇచ్చేటప్పుడు మనిషి కదలకూడదు కాబట్టి పారిపోయే వీలుండదు.

ఇట్టా ఉండగా, నీళ్ళ మీది నుంచి లేచి నీళ్ళ మీదే దిగే చిన్న విమానాన్ని ఎవరో తెచ్చి మన ఉప్పుటేరులో పెట్టినారు. వారం రోజులపాటు జనాన్ని ఎక్కించుకుని తీరం మీద ఒక చుట్టు తిప్పి దించుతారంట. ఎనిమిది మంది పడతారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కుట్టు మీద కుదురు లేదు. విమానం గురించి అంత చదివి, ఒక్కసారి కూడా ఎక్కని దాన్ని. మా చర్చి స్త్రీల సమాజంలో ఏడుగురిని వెంటపడి, బతిమాలి, బెదిరించి ఒప్పించినాను. అందరికీ ఒకేసారి తీరిక దొరికింది ఆఖరి రోజు, ఆఖరి ట్రిప్పుకి. మరుసటి రోజు విమానం ఎగిరిపోతుంది. మళ్ళీ ఇటు రాదు.

ఆ ఏడుగురిలో ముందుగా చెప్పాల్సింది మా వదిన సుగుణమ్మ గురించి. నా మొగుడికి అక్క. నా పుస్తకం మీద గానీ విమానం మీద గానీ ఆమెకి గౌరవం లేదు.

"పైకి పోయి చూసేదేముందే? మన రొయ్యల గుంటలే గదా. గట్టు మీద నిలబడితే కనపడవా?" అన్నది.

"మరెందుకొస్తున్నావు వదినా?"

"దిగినాక ఇసకలో కూర్చుని తింటాం గదా, దానికి."

ఆ తినేదంతా ఆమే చేసింది. ఐదు గిన్నెల స్టీలు క్యారియర్, పెళ్ళిళ్ళకి తీసేది. అన్నం, మామిడికాయ వేసిన చేపల పులుసు, రొయ్యల వేపుడు. దాన్ని గుడ్డసంచీలో పెట్టి భుజానికి తగిలించుకుని వచ్చింది.

జెట్టీ దగ్గర నీలం టోపీ పెట్టుకున్న అమ్మాయి కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. ఎక్కేముందు ఒక్కొక్కర్నీ సంచులతో సహా తూకం వెయ్యాలన్నది. నేను మావాళ్ళ వైపు గర్వంగా చూసినాను. చెప్పలా? అయితే వాళ్ళ తూకం మిషను ఉప్పుగాలికి చెడిపోయిందంట. పక్కనే రొయ్యల షెడ్డులో నుంచి కాటా అడిగి తెచ్చి పెట్టినారు.

అక్కడ చెడింది.

మా ఊరి వాళ్ళకి కాటా అంటే ఏమిటో ఆ పిల్లకి ఏం తెలుసు? రొయ్యలు పట్టే రోజు గట్టు మీద కాటా పెడతారు. ట్రేలో నీళ్ళు కారలేదని కొనేవాడు తరుగు తీస్తాడు. నీ మనిషి కాలు కాటాకి తగులుతోందని అమ్మేవాడు అరుస్తాడు. పుట్టినప్పటి నుంచి ఇదే చూస్తున్నాం. కాటా నిజం చెబుతుందని మాలో ఎవరూ అనుకోరు. కాటా అంటే గెలవాల్సింది.

మొదట వదిన ఎక్కింది. ఎక్కేముందు క్యారియర్ వెనకున్న మార్తక్క చేతిలో పెట్టింది. ఎక్కినాక ఎడమచెయ్యి మార్తక్క భుజం మీద వేసి బరువంతా అటు వాల్చింది. టోపీ అమ్మాయి అంకె వైపే చూస్తోంది.

"యాభై ఎనిమిది," అన్నది అమ్మాయి.

"చీర అంచు తడిసింది పాపా, తరుగు తియ్," అన్నది వదిన.

దిగి క్యారియర్ వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత జరిగింది చూసి తీరాలి. తూకం అయిపోయిన మనిషి సంచీని మళ్ళీ ఎవరూ తూచరు కదా! కాటా ఎక్కబోయే ప్రతి మనిషి సంచీ వదిన దగ్గరికి నడిచిపోయింది. మార్తక్క నీళ్ళ క్యాను పోయింది. పాస్టరమ్మ గారు పాటల పుస్తకాల సంచీ ఇస్తూ, "ఇవి దేవుడివి, నా లెక్కలోకి రావు," అన్నారు. ప్రతి ఒక్కరి చెయ్యీ వెనకున్నవాళ్ళ భుజం మీదే. వీళ్ళందరి నడుముకొలతలూ నా టేపుకి తెలుసు. పోయిన క్రిస్మస్ నుంచి ఈ క్రిస్మస్‌కి రెండేసి ఇంచీలు వదులు చేసి కుట్టినదాన్ని. కాటా చెప్పిన అంకెలు వింటుంటే అందరూ పెళ్ళికి ముందు కుట్టించుకున్న జాకెట్లలోకి దూరిపోయినట్టుంది.

నేనేం చేసినానంటారా? నా సంచీ, అందులో ఇటుకంత పుస్తకం, వదినకిచ్చినాను. చెయ్యి టోపీ అమ్మాయి కుర్చీ వీపు మీద ఆనించినాను. ఆడమనిషిని, నాకూ కాటా ఉంది కదా ఎదురుగా.

అంకెల్ని బట్టి సీట్లు ఇచ్చినారు. బరువు తక్కువ చూపించింది గనక వదిన అందరికంటే వెనక, తోక దగ్గర. నేను కెప్టెన్ వెనకే. కెప్టెన్ ముప్పై ఏళ్ళ మనిషి, మన తెలుగావిడే, కళ్ళద్దాలు జుట్టు మీదికి తోసుకుని ముందున్న గడియారాలన్నీ చూసుకుంటోంది. పుస్తకంలో బొమ్మల్లో చూసినవన్నీ చేతికందే దూరంలో ఉన్నాయి. నా గుండె ఇంజన్ కంటే ముందే స్టార్ట్ అయింది.

అంత సంతోషంలో మావాళ్ళని చూద్దామని వెనక్కి తిరిగినాను.

తోకలో వదిన. వదిన ఒళ్ళో నా సంచీ. కాళ్ళ దగ్గర నీళ్ళ క్యాను, దాని మీద పాటల పుస్తకాలు, పక్కన మిగిలినవాళ్ళ సంచులన్నీ, అన్నిటి మీదా రాజాలాగా క్యారియర్. తూకానికి దొరకని బరువంతా ఒక్కచోట చేరింది. ఆ ఒక్కచోటు విమానం తోక!

పుస్తకంలో నేను రెండోసారి చదవని వాక్యం మొత్తం గుర్తుకొచ్చింది.

"ఆపండి!" అని అరిచినాను.

కెప్టెన్ ఉలిక్కిపడి తిరిగింది. "ఏమైందమ్మా? భయమేస్తోందా?"

"భయం కాదు, గరిమనాభి! వెనక్కి పోయింది!"

"ఏం పోయింది?" అన్నది వదిన వెనక నుంచి. "పోతే దిగి వెతుక్కో, మమ్మల్నెందుకు ఆపుతావు?"

కెప్టెన్ మాత్రం నవ్వలేదు. లేచి వచ్చి వదిన చుట్టూ ఉన్న సామాను చూసింది. "ఇవన్నీ తూచినవేనా?" అని అడిగింది. ఏడుగురు ఆడవాళ్ళు నిశ్శబ్దంగా ఉండడం నేను ప్రార్థనలో కూడా చూడలేదు. అందర్నీ దిగమన్నది.

జెట్టీ మీద నిలబెట్టి నేనే మొదలుపెట్టినాను. "ఆదివారం ఆదివారం సాక్ష్యాలు చెప్పుకుంటాం. కోపం గురించి చెప్పినాం, అసూయ గురించి చెప్పినాం. కిలోల గురించి ఒక్కరైనా నోరు విప్పినారా? ప్రాణాల మీదికి వచ్చినప్పుడన్నా నిజం చెప్పండి! కుర్చీ వీపు పట్టుకున్నాను, నేనే ముందు చెప్తున్నాను."

మార్తక్క తలొంచుకుంది. "నా చెయ్యి పాస్టరమ్మ గారి భుజం మీద ఉండింది."

"నాకు తెలుసు మార్తా," అన్నారు పాస్టరమ్మ గారు. "నేనేమీ అనలేదు. నా వంతు రావాలి గదా."

ఆ తర్వాత అందరూ బయటపడినారు. కెప్టెన్ నా వైపు తిరిగి, "మీరు చెప్పకపోతే మాకు కష్టమయ్యేది," అన్నది. "ఎక్కడ నేర్చుకున్నారు?"

"చదివినాను," అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి ఎన్నేళ్ళు కాచుకున్నానో! వదిన వింటోందో లేదో ఓరకంట చూసుకున్నాను కూడా.

సంచులన్నీ జెట్టీ మీదే వదిలేసి మనుషుల్ని మాత్రం మళ్ళీ తూచమన్నది కెప్టెన్. కాటా పక్కన నేను కాపలా నిలబడినాను. అందరూ సంచులు కుప్ప పోసినారు. వదిన మాత్రం క్యారియర్ పట్టుకుని దిక్కులు చూస్తోంది.

"కరుణా, రవ్వంత పట్టుకో. కింద పెడితే ఆ కుక్కలు మూతి పెట్టేట్టుండాయి."

రెండు కుక్కలు నిజంగానే వాసన పట్టి కూర్చున్నాయి. తీసుకుని భుజానికి తగిలించుకున్నాను. నా ధ్యాసంతా చేతుల మీద.

"మార్తక్కా, చెయ్యి దించు! పాస్టరమ్మ గారూ, క్షమించండి, మీరు కూడా. వదినా, ఆ జెట్టీ తాడు వదులు! తాడు పట్టుకుంటే కాటాకి తెలియదనుకున్నావా?"

"నీకు తెలిసింది గదా, చాల్లే," అన్నది వదిన.

అంకెలన్నీ నిజరూపంలో వచ్చినాయి. చివరికి నేను ఎక్కినాను. ఎవర్నీ పట్టుకోలేదు. అందరికీ కనపడేట్టు రెండు చేతులూ పైకెత్తి నిలబడినాను.

"డెబ్బై ఎనిమిది," అన్నది టోపీ అమ్మాయి.

నేను డెబ్బై దాటి ఉంటాననుకున్నాను గానీ అంత అనుకోలేదు. మావాళ్ళు నోళ్ళు మూసుకుని నవ్వుతున్నారు. అయినా చలించలేదు. పైగా కాటా మీదే నిలబడి ఉపన్యాసం ఇచ్చినాను. "చూసినారా? నిజం ఇట్టా ఉంటుంది. బరువుగానే ఉంటుంది. అయినా మొయ్యాలి!" అన్నాను. ఆ మాట నాకే ఎంతో నచ్చింది.

కెప్టెన్ కూడి చూసింది. "ఐదు కిలోలు ఎక్కువుంది. ఒకరు ఆగిపోవాలి."

"పెట్రోలు కొంచెం తీసెయ్యకూడదా?" అని అడిగినాను.

"ఉండాల్సినంతే ఉందమ్మా. ఇక్కడ తీసే ఏర్పాటూ లేదు. పైగా గాలి లేదు, నీళ్ళు అద్దంలాగా ఉన్నాయి. ఇట్టాంటప్పుడు నీళ్ళని విడిపించుకుని లేవడమే కష్టం. ఐదు కిలోలైనా ఎక్కువే."

"ఐదు కిలోలకి మనిషంతా దిగాలా?" అన్నది వదిన. "ఒక కాలు దిగితే చాలదా?"

"వెలుతురు తగ్గితే ఎవర్నీ తీసుకెళ్ళలేను," అన్నది కెప్టెన్.

పాస్టరమ్మ గారు ప్రార్థన చేద్దామన్నారు. అందరూ తలలు వంచినారు. నేను ఒక కన్ను తెరిచి చూసినాను. ఏడుగురూ ఒక్కొక్క కన్ను తెరిచి నన్నే చూస్తున్నారు.

ఆమేన్ అన్నాక మార్తక్క మెల్లగా, "నీకైతే అన్నీ తెలుసు గదా కరుణా. ఎక్కకపోయినా ఎక్కినట్టే," అన్నది.

ఏం చెప్పమంటారు? అంతసేపు సత్యం సత్యం అని గొంతు చించుకున్నదాన్ని. అందరికంటే పెద్ద అంకె నాదే. వదినని దిగమందామంటే, ఆమె అప్పటికే ఎక్కి బెల్టు పెట్టుకుంది. గట్టు మీది నుంచి కనపడేది చూడ్డానికి అంత తొందరేమొచ్చిందో!

"పోయి రండి," అన్నాను.

విమానం ఏటి మధ్యకి పోయింది. ఇంజన్ అరిచింది. ముక్కు కొంచెం ఎత్తింది, కావాల్సినంతే. తెల్లటి నీళ్ళు రెండు వైపులా చీల్చుకుంటూ పరుగెత్తి, పరుగెత్తి, ఇంక లేవదేమో అనిపించే చోట నీళ్ళని వదిలేసింది. నీళ్ళు బొట్లు బొట్లుగా కారుతుంటే సముద్రం వైపు ఒరిగింది. పుస్తకంలో ఎట్టా రాసుందో అట్టాగే. ఒక్క తప్పు లేదు. నేను వివరిస్తే వినడానికి పక్కన ఎవరూ లేరు, అంతే. కళ్ళు తుడుచుకున్నాను. ఉప్పుగాలి.

చాలాసేపటికి తల దించినాను. కుడి భుజం లాగేస్తోంది. దిగులుకి భుజం కూడా నొప్పి పుడుతుందా, ఇది యాడా చదవలేదే అనుకుంటూ నిమురుకోబోయినాను. చేతికి గుడ్డసంచీ పట్టీ తగిలింది.

సంచీలో క్యారియర్.

రెండు కుక్కలూ నన్నే చూస్తున్నాయి. వాటికి మొదటి నుంచీ తెలుసు.

కాటా ఇంకా అక్కడే ఉంది. టోపీ అమ్మాయి ఫోన్లో మాట్లాడుతోంది. మెల్లగా పోయి ఎక్కినాను. క్యారియర్ లేకుండా డెబ్బై ఒకటి. క్యారియర్ ఒక్కటీ పెట్టినాను. ఏడు. ఏడు కిలోల అన్నమూ పులుసూ స్టీలూ భుజాన వేసుకుని, చేతులు రెండూ గాల్లోకి ఎత్తి, నిజాన్ని మొయ్యాలని ఉపన్యాసం ఇచ్చినాను! ఎక్కువైంది ఐదు కిలోలు. ఈ సంచీ ఒక కొక్కేనికి తగిలించి కాటా ఎక్కి ఉంటే, ఇంకా రెండు కిలోల జాగా మిగిలేది. కెప్టెన్ వెనక సీటు ఖాళీగా ఆకాశంలో తిరుగుతోంది.

విమానాన్ని పిలవలేను. నన్ను నేను తిట్టుకున్నాను. నా నోరు ఎట్టాంటిదో మీకు తెలుసు, దాన్ని మొదటిసారి నామీద వాడినాను. చాలా బాగా పనిచేస్తుంది. అలసిపోయి నా పుస్తకం మీదే కూర్చున్నాను. క్యారియర్ మూత తీసినాను.

వదిన మీద నాకు ఎన్ని ఫిర్యాదులున్నా పులుసు మీద లేదు.

విమానం తిరిగొచ్చి ఆగింది. మావాళ్ళు ఒక్కొక్కరే దిగినారు, కాళ్ళు నేలమీద ఆనడం లేదు ఎవరికీ. పాస్టరమ్మ గారి మాట పడిపోయింది, అదొక అద్భుతం. చివరికి వదిన దిగింది. ముఖం వెలిగిపోతోంది.

"ఏమే, మన గుంటలు పైనుంచి చూస్తే ఎట్టుండాయో తెలుసా! అద్దం ముక్కలు పరిచినట్టుండాయే! నువ్వు చూడాల్సిందే కరుణా!"

"క్యారియర్ నా భుజానికే ఉండింది వదినా," అన్నాను. "కాటా ఎక్కినప్పుడు కూడా."

"ఊఁ. చూసినా."

"చూసినావా?! ఎప్పుడు?"

"నువ్వు చేతులెత్తినావు గదా, అప్పుడు. చెప్దామనే అనుకున్నా. నువ్వు సత్యం గురించి అంత బాగా చెప్తుంటే మధ్యలో ఆపడం బాగుండదని ఊరుకున్నా." ఇసకలో దుప్పటి పరుస్తూ చెయ్యి చాపింది. "ఇట్టా తే, ఆకలేస్తోంది."

క్యారియర్ అందించినాను. అందుకోగానే ఆమె చెయ్యి పైకి లేచిపోయింది, అంత తేలిగ్గా ఉంది. మూత తీసింది. పై గిన్నెలో వేపుడు లేదు. కింది గిన్నెలో మామిడికాయ టెంకలున్నాయి. అడుగున అన్నం మాత్రం కొంచెం ఉంచినాను, నేనంత కఠినురాలిని కాదు. ముళ్ళ సంగతి కుక్కలు చూసుకున్నాయి.

"నువ్వేనా? మొత్తం నువ్వేనా?" వదిన నన్ను రెక్క పట్టుకుని కాటా దగ్గరికి ఈడ్చుకుపోయింది. "ఎక్కు! అందరూ చూస్తుండంగా ఎక్కు!"

ఎక్కాల్సిన పనేముంది? లెక్క నాకు తెలియదా? బరువెక్కడికీ పోలేదు. అప్పటిదాకా భుజం మీద ఉండింది, ఇప్పుడు కాస్త కిందికి దిగి జాకెట్టు అంచు దగ్గర చేరింది. గరిమనాభి మారింది, అంతే. ఆ జాకెట్టుకి రెండు ఇంచీలు వదులు చెయ్యాలి, మీ బ్లౌజులు వచ్చేవారం ఇస్తాను.